రాతి గోపురం, పేద వితంతువు రెండు కాసులు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మన చిన్న చిన్న సంఘాల పెద్దలు విచారణ గురువును తరచుగా అడిగే మాట ఒకటున్నది: "ఫాదర్, మన గుడికి గోపురం ఎప్పుడు లేపుదాం?" ఆ మాట వెనుక భక్తి ఉన్నది. పక్క ఊరి గుడిని చూసి వచ్చిన పోటీ కూడా కాసింత ఉన్నది. దుబాయిలో పని చేస్తున్న కొడుకు కొంత పంపుతానంటాడు. బీడీలు చేసే తల్లులు వారానికి ఇంత అని కొంగున కట్టి దాస్తామంటారు. సాంచెల మీద బతికే వారు కూడా చేయి చాపి "మా పేరు కూడా రాయండి" అంటారు. అలాంటివారి సొమ్ముతో గోపురం లేపవచ్చునా, లేపకూడదా? ఈ ప్రశ్న మనతో మొదలైనది కాదు. దాదాపు తొమ్మిది వందల ఏండ్ల కింద ఫ్రాన్సు దేశంలో ఇద్దరు మఠాధిపతులు దీని మీదనే చెరొక పక్క నిలిచారు.

అయితే ముందు మనకు దగ్గరలో ఉన్న రాతి గుడిని చూద్దాం. సిరిసిల్ల నుంచి కామారెడ్డి మీదుగా మెదకుకు పోయి చూడనివారు మనలో తక్కువే. ఆ దేవాలయం కథోలికులది కాదు, నేడది దక్షిణ ఇండియా సంఘం వారిది. అయినా మంచిని మంచి అనడానికి మనకేమి అడ్డు? మెథడిస్టు మిషనరీ అయిన చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి ఆధ్వర్యంలో దాదాపు పదేండ్లు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గోపురం ఎత్తు 175 అడుగులు. మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంట కరువు వచ్చిన కాలమది. కూలి దొరికి కడుపు నిండాలనే ఆ పని పెట్టారని, రాళ్ళు మోసినవారు గింజలు ఇంటికి తీసుకుపోయారని మెదకువాసులు నేటికీ చెప్పుకుంటారు.

కట్టింది ఇరవయ్యవ శతాబ్దంలోనే గాని, ఆ గుడి రూపం మధ్యయుగాల ఐరోపాది. దానిని గోథిక్ పద్ధతి అంటారు. ఈ పేరు మెచ్చుకోలుగా పెట్టింది కాదు సుమా! తరువాతి కాలపు ఇటలీ పండితులు, ఇది గోతులనే అనాగరిక జాతివారి పని అని వెక్కిరింతగా అన్న మాట అది. తిట్టు పోయి పేరు మిగిలింది.

ఆ పద్ధతిలోని కిటుకు మన మేస్త్రీలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. గుండ్రటి కమాను తన మీది బరువును పక్కలకు గట్టిగా తోస్తుంది. అందుకే పాత గుళ్ళ గోడలు మందంగా, కిటికీలు చిన్నగా, లోపల చీకటిగా ఉండేవి. కమాను కొనను రెండు అరచేతులు జోడించినట్టు పైకి లేపితే పక్క తోపు తగ్గి, బరువు ఎక్కువగా కిందికే దిగుతుంది. ఇంకా మిగిలిన తోపును బయట నిలబెట్టిన ఆసరా స్తంభాలు మోస్తాయి. అప్పుడు గోడకు మోసే పని తగ్గుతుంది. ఆ గోడనే తీసేసి అద్దం పెట్టవచ్చు. గోథిక్ పద్ధతి అంతా వెలుతురు కోసం పడిన పాటు అంటే తప్పు కాదు.

ఆ అద్దాల తయారీ కూడా చెప్పుకోదగినదే. ఇసుకను, కట్టెల బూడిదను కలిపి కరిగిస్తారు. కోబాల్టు వంటి లోహపు పదార్థాలు కలిపి నీలం, ఎరుపు రంగులు తెస్తారు. ముక్కలు కోసి, ముఖాలు, బట్టల ముడతలు గీసి, సీసపు పట్టీలతో అతుకుతారు. మెదకులో బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణ దృశ్యం (1927), ఇరు పక్కల జననం (1947), సిలువ మరణం (1958) ఉన్నాయి. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. పగటి వెలుగు లేనిదే లోపలివారికి ఆ బొమ్మలు కనిపించవు. చీకటి పడ్డాక పోయి నిరాశపడి వచ్చినవారు కొందరుంటారు. మిట్టమధ్యాహ్నం లోపే పోండి.

సువిశేషం చదువురాని వారికి బొమ్మే పుస్తకమని పునీత గ్రెగోరీ పోపుగారు సుమారు క్రీ.శ. 600లో మార్సేలు మేత్రాణులకు లేఖ రాశారు. ఆ మేత్రాణులు, జనం బొమ్మలను పూజిస్తున్నారని పగులగొట్టించారు. పూజించడం తప్పే గాని, పగులగొట్టడం కూడా తప్పేనని పోపుగారి మందలింపు.

ఇక ఆ ఇద్దరు మఠాధిపతుల సంగతి. మొదటివారు పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజే. గొప్పింటివారు కారు. ఆయన తన మఠ దేవాలయాన్ని తిరిగి కట్టించి, బలిపీఠం చుట్టూ ఉండే భాగాన్ని 1144 జూన్ 11న ప్రతిష్ఠ చేయించారు. గోథిక్ పద్ధతికి పుట్టినిల్లు అదేనని చరిత్రకారులు చెబుతారు. కంటికి కనిపించే వెలుగు మనసును కనిపించని వెలుగు వైపు ఎత్తుతుందని ఆయన నమ్మకం. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు ఈ వాదం మాకు పాఠంగా వచ్చింది. చదువుతుంటే ఎంతో చక్కగా ఉంటుంది.

రెండవవారు క్లేర్వో మఠాధిపతి పునీత బెర్నార్డు. సుజే కట్టడం పూర్తికాక ముందే, సుమారు 1125లో, మిత్రుడైన మరొక మఠాధిపతికి రాసిన రచనలో మఠాల ఆడంబరాన్ని ఎండగట్టారు. రాళ్ళకు బంగారం తొడిగి బిడ్డలను బట్ట లేకుండా వదులుతున్నామని ఆయన బాధ. కాని ఆయన బొమ్మలన్నిటినీ కాదనలేదు. మేత్రాసన దేవాలయాల్లో సామాన్య జనుల భక్తికి అవి పనికివస్తాయని ఒప్పుకున్నారు. దారిద్ర్య వ్రతం పట్టిన సన్యాసులకు అవెందుకన్నదే ఆయన ప్రశ్న. ఆయన సంఘం వారు కట్టుకున్న గుళ్ళు బోసిగా ఉంటాయి. బొమ్మ లేదు, రంగు లేదు, ఉత్త రాయి, వెలుగు. అవీ అందంగానే ఉంటాయన్నది వేరే మాట.

ఎవరి పక్షం? చరిత్ర ఇద్దరికీ సాక్ష్యాలు ఇస్తుంది.

షార్త్ర పట్టణంలో 1194లో దేవాలయం కాలిపోతే, ముప్పై ఏండ్ల లోపే ఇంచుమించు అంతా తిరిగి లేపారు. అదే కాలంలో మన పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. దాని శాసనం 1213 నాటిది. అక్కడ కమానుతో, ఇక్కడ స్తంభం మీద దూలంతో. రెండు చోట్లా రాయిని మైనంలా వంచిన చేతులే. షార్త్రలో నాకు నచ్చేది ఎత్తు కాదు. పెద్ద పెద్ద అద్దాల కింది గడుల్లో, నిలబడినవాడి కంటికి దగ్గరలో, రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, గుడ్డ అమ్మేవారు, నీళ్ళు మోసేవారు తమ పని చేసుకుంటూ కనిపిస్తారు. ఆ అద్దాలకు సొమ్ము వారే ఇచ్చారా, గురువులే వారి బొమ్మలు పెట్టించారా అన్నది చరిత్రకారుల్లో తెగని వాదం. ఏదైనా, మగ్దల మరియమ్మ అద్దం కింద నీళ్ళు మోసేవాడికి చోటు దొరికింది.

ఇది ఒక పక్క. మరొక పక్క రీమ్స్. అక్కడ 1233లో పట్టణ ప్రజలు పన్నుల మీద, అధికారాల మీద మేత్రాణులకు ఎదురు తిరిగారు. గురువులు పట్టణం విడిచిపోయారు. దేవాలయం పని మూడేండ్లు ఆగిపోయింది. బోవే పట్టణం సంగతి ఇంకొకటి. అందరికంటే ఎత్తుగా కట్టాలని పైకప్పును 48 మీటర్లకు లేపారు. 1284లో అందులో కొంత కూలింది. మళ్ళీ నిలబెట్టి, 153 మీటర్ల గోపురం ఎక్కించారు. అది 1573లో, ప్రభువు ఆరోహణ పండుగనాడే కూలింది. జనం కూర్చోవలసిన పొడుగు మండపం నేటికీ లేదు. పూర్తి చేయడానికి సొమ్ము మిగలలేదు.

ఇప్పుడు సువిశేషం తెరవండి. పునీత మార్కు 12వ అధ్యాయం చివర పేద వితంతువు రెండు చిన్న కాసులు కానుకపెట్టెలో వేస్తుంది. ప్రభువు ఆమెను మెచ్చుకుంటారు. ప్రసంగాలలో మనం అక్కడే ఆపుతాం, చందా అడగడానికి అనువుగా ఉంటుంది గనుక! ఆపకుండా 13వ అధ్యాయంలోకి పోండి. ఆలయం దాటి రాగానే శిష్యుడొకడు ఎంత పెద్ద రాళ్ళో, ఎంత గొప్ప కట్టడమో అని అబ్బురపడతాడు. వీటిలో రాయి మీద రాయి నిలవదని ప్రభువు జవాబు. 12వ అధ్యాయంలోనే, అంతకు కొంచెం ముందు, వితంతువుల ఇండ్లను దిగమింగే ధర్మశాస్త్ర బోధకుల మాట ఉన్నది. ఈ మూడింటిని వరుసగా చదివితే, ఆ రెండు కాసులను చూసి ప్రభువు మెచ్చుకున్నారని మాత్రమే కాదు, నొచ్చుకున్నారని కూడా అనిపిస్తుంది. అయినా బేతనియలో ఖరీదైన అత్తరు పోసిన స్త్రీని, పేదలకు ఇవ్వవచ్చు కదా అని విసుక్కున్నవారి నుంచి కాపాడినవారూ ఆయనే. అందుచేత అందం వద్దని ఆయన పేర ఎవరూ అనలేరు.

1990ల చివర, 2000 తరువాతి సంవత్సరాల్లో నేత కార్మికుల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు పత్రికలకెక్కింది. వాటిలో అనేకం అప్పు చావులే. అప్పంటే ఏమిటో తెలిసిన ప్రాంతంలో వడ్డీకి తెచ్చి గోపురం కట్టడం నా మనసుకు ఒప్పదు. సంఘంలో ఎవరి ఇంట్లో మందులకు లేవో, ఎవరి పిల్లకు ఫీజు లేదో ముందు చూద్దాం. ఆ తరువాత కిటికీ పెంచుదాం. మన గుళ్ళలో చాలావాటికి లేనిది గోపురం కాదు, వెలుతురు. పెద్ద కిటికీ పెట్టడానికి లక్షలు అక్కరలేదు. బలిపీఠం మీద పగటి వెలుగు పడేలా దాన్ని ఎక్కడ పెట్టాలో మేస్త్రీని కూర్చోబెట్టుకుని మాట్లాడితే చాలు. కట్టేటప్పుడు లెక్కలు ప్రతి నెలా గుడి తలుపుకు అంటించాలి. చందా ఇవ్వలేనివారి పేర్లు చదవకూడదు.

ఇంకొకటి. ప్రతిష్ఠనాడు గోడకు పెట్టే పాలిషు రాయి మీద మేత్రాణుల పేరు, గురువుల పేరు, పెద్ద దాతల పేర్లు చెక్కిస్తాం. ఈసారి చెక్కేవాడికి పేర్లు రాసి ఇచ్చేటప్పుడు అడుగున రెండు వరుసలు వదలండి. సున్నం కలిపినవాడి పేరు, తట్టలు మోసిన ఆడకూలీల పేర్లు అందులో పడతాయి.