ఎవరూ లేని చోటు నుంచి ‘బాగున్నారా?’

లక్డీకాపూల్‌లో కర్రవంతెన ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మెట్రో స్టేషన్ బోర్డు మీద మిగిలింది. ఆ చుట్టుపక్కల రెండు రకాల రేడియోలున్నాయి. ఒకటి సైఫాబాద్‌లో ఆకాశవాణి. అక్కడ ఒకరు మాట్లాడితే ఊరంతా వింటుంది. రెండోది, ఖైరతాబాద్ దాటాక రాజ్‌భవన్ రోడ్డులో, 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. వీళ్ళది హామ్ రేడియో. ఇందులో ముందు ‘సీక్యూ’ అని పిలవాలి. అంటే, వింటున్నవాళ్ళు ఎవరైనా సరే, పలకండి అని. తర్వాత బటన్ వదిలేసి, చెవులు రిక్కించి ఆగాలి.

హామ్‌లలో కొందరికి ఒక పిచ్చి ఉంటుంది. దేశాలు, దీవులు కలిపి 340 ప్రాంతాల జాబితా పెట్టుకుని, ప్రతి చోటునుంచీ ఒక్కసారైనా పలకరింపు అందుకోవాలని చూస్తారు. చిక్కేమిటంటే, వాటిలో కొన్ని చోట్ల మనుషులే ఉండరు. అందుకని ఇంకొందరు పనిగట్టుకుని అక్కడికి వెళ్తారు. దక్షిణ అట్లాంటిక్‌లో నార్వేకి చెందిన బువే అనే దీవి ఉంది. దాదాపు అంతా మంచే. 2023లో ఒక బృందం అక్కడికి వెళ్తే, ఒడ్డు చేరడమే గండమైంది. తెచ్చిన సామానంతా దింపలేక, ఉన్నదాంతోనే గుడారం వేసుకుని రేడియో పెట్టారు. లోకం నలుమూలల నుంచీ ఒకేసారి పిలుస్తుంటే, ఆ గోలలోంచి ఒక్కొక్కరినీ ఏరుకుని జవాబిచ్చారు.

ఆ జవాబులో ఏముంటుంది? పిలిచినవాళ్ళ సంకేతం, ‘59’ అనే అంకె. అంతే. 5 అంటే మాట స్పష్టంగా ఉందని, 9 అంటే సిగ్నల్ బలంగా ఉందని. తమాషా ఏమిటంటే, గరగరలో సగం మాట వినపడకపోయినా చాలాసార్లు 59 అనే చెప్తారు. మనం ‘బాగున్నారా?’ అంటే ‘ఆ, బాగున్నాం’ అన్నట్టు.

ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం, ఈ ఒక్క ముక్క కోసమా? ఎవరికైనా వచ్చే సందేహమే. దీనికి హామ్‌లు చూపించే గట్టి జవాబు 2004 డిసెంబర్. ఆ నెల హైదరాబాద్ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతంతో రేడియో పెట్టింది. ఆ ఊళ్ళో లక్షమంది దాకా ఉన్నారు. కానీ అనుమతులు దొరక్క హామ్ గొంతు ఏళ్ళ తరబడి వినపడలేదు. రేడియో పటం మీద అదీ నిర్జన ద్వీపమే! రోజుల తరబడి ప్రపంచానికి 59లు పంచుతూ ఉండగా, 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. అప్పుడు అవే రేడియోల మీద ఎవరు బతికున్నారు, ఎవరి కబురు ఎవరికి చేరాలి అనే మాటలు నడిచాయి.

గొప్ప పని. అయినా దాన్ని సమర్థనగా వాడుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆపద వస్తేనే ఆ సరదాకి విలువ అంటే, మిగతా రోజులన్నీ వృథా అని ఒప్పుకున్నట్టే కదా. బువేలో ఆపద వస్తే కాపాడడానికి ఎవరున్నారు, పెంగ్విన్లు తప్ప?

మా పెద్దమ్మ ఊరినుంచి రోజూ ఫోన్ చేసి ‘తిన్నావా?’ అంటుంది. తినకపోయినా ‘తిన్నా’ అంటాను. ఎప్పుడైనా నేను జబ్బు పడితే పనికొస్తుందని ఆవిడ ఫోన్ చెయ్యదు. నువ్వున్నావు, నేనున్నాను, మధ్యలో దారి తెరిచే ఉంది అని చెప్పడానికి చేస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ముందు రోజులన్నీ జరిగింది కూడా ఇదే అనుకుంటాను. 26న ప్రశ్న మారలేదు. ఊరికే 59 అనేసే వీలు మాత్రం పోయింది.

అయితే పలకరింపు ఎప్పుడూ మంచిదేనా? అవే అండమాన్ దీవుల్లో ఉత్తర సెంటినల్ ఉంది. సునామీ తర్వాత అక్కడివాళ్ళు ఎలా ఉన్నారో చూడడానికి వెళ్ళిన కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ మీదికి ఒక మనిషి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. బాగున్నారా అని అడిగితే వెళ్ళిపొమ్మన్నారు. అదీ జవాబే. 2018లో ఒక అమెరికన్ యువకుడు ఆ జవాబుని లెక్కచెయ్యకుండా దీవిలో దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. బువేలో కాదనడానికైనా మనుషులు లేరు. అది రక్షిత ప్రాంతం కాబట్టి, అక్కడ దిగాలంటే నార్వే అనుమతి కావాలి. అక్కడి పక్షుల తరఫున, సీల్‌ల తరఫున ఎవరో ఒకరు ‘సరే’ అనాలన్నమాట.

సీక్యూలో నాకు నచ్చేది ఆ బటన్ నియమం. నొక్కిపట్టుకుని మాట్లాడుతూ ఉంటే అవతలివాళ్ళు వినపడరు. ఇవాళ ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరం ఓ చిన్న ఆకాశవాణి అయిపోయాం. మనం మాట్లాడితే ఊరంతా వినాలి. పిలిచి ఆగడం మాత్రం తగ్గింది. పలకరింపులో ఎంత విషయం ఉంది అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. పిలిచిన తర్వాత ఎంతసేపు వింటాం, ‘రావద్దు’ అని వినపడితే వెనక్కి తిరగగలమా అన్నదే ప్రశ్న. అలా తిరగగలిగినవాళ్ళు మంచుదీవికి వెళ్ళి 59 చెప్పొస్తామంటే, వెళ్ళి రమ్మనే అంటాను.