అంపశయ్య మీద చెప్పిన మాట

కాపాడతానని మాట ఇచ్చి కాపాడని రాజును ప్రజలంతా ఒక్కటై పిచ్చికుక్కను చంపినట్టు చంపాలని అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు బోధిస్తాడు. నన్ను వేధిస్తున్నది ఆ మాట కాదు, అది చెప్పిన వేళ. నిండు సభలో ద్రౌపది నిలదీస్తే ధర్మం సూక్ష్మమంటూ తప్పుకున్న పెద్దమనిషి, పద్దెనిమిది అక్షౌహిణులూ నేలకూలాక అంపశయ్య మీద నుంచి ఈ మాట అన్నాడు. ప్రవచనకారులు ఆయన ప్రతిజ్ఞనూ, తిన్న ఉప్పునూ అడ్డుపెట్టి సర్దిచెబుతారు. కానీ ఆయన తిన్నది ప్రజలు కట్టిన పన్నుల కూడు కాదా?

ఈ సందేహం పుదుచ్చేరిలో పుస్తకాల్లోనే ఉండిపోలేదు. బ్రిటిష్ అరెస్టు తప్పించుకుని 1908లో ఈ ఫ్రెంచి పట్నం చేరిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి, 1912లో ‘పాంచాలీ శపథం’ కావ్యం మొదటి భాగం వెలువరించాడు. ఆయన కాపురమున్నది ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధి. ధర్మరాజు పేరు మోస్తున్న వీధిలో ఉంటూ ధర్మరాజునే కడిగిపారేశాడు. దేశం రాజు సొత్తు కాదు, కావలికి అప్పగించినది; దాన్ని పందెంలో ఒడ్డే హక్కు ఆయనకెక్కడిదన్నది భారతి వాదం. 1910లో అదే ఊరు చేరిన అరవిందులు 1916లో ‘ఆర్య’ పత్రికలో గీతా వ్యాసాలు మొదలుపెట్టారు. ఆ వ్యాసాల లోతు ఎవరూ కాదనలేరు. అయినా అన్నదమ్ముల యుద్ధంలో శంఖాలు పూరించాక అర్జునుడికి మిగిలేది రెండే: విల్లెత్తడం, విల్లు పడెయ్యడం. పదమూడేళ్ల ముందు సభలో ఎన్ని దారులున్నాయి! మన ఉపన్యాసాలన్నీ కురుక్షేత్రం దగ్గరే ఎందుకు మొదలవుతాయో నాకు అర్థం కాదు.

సభలోనే ఎదిరిస్తే యుద్ధం అక్కడే వచ్చేదిగా అంటారు. రానీ, ఎలాగూ వచ్చింది. ఆ రోజు ఆగింది మంచివాళ్ల నోరు మాత్రమే. కానీ నోరు విప్పితే చాలునా అంటే అదీ చెప్పలేను. వికర్ణుడు విప్పాడు. కౌరవుల్లో ఒకడై ఉండీ ద్రౌపదిని గెలుచుకోలేదని వాదించాడు. కర్ణుడు గద్దించాడు. చివరికి అదే వికర్ణుడు దుర్యోధనుడి పక్షాన పోరాడి భీముడి చేతిలో చచ్చాడు. తప్పని చెప్పిన రాజు కోసమే ప్రాణమిచ్చాడు. ఇక్కడ నా వాదం నిలిచిపోతోంది.

మరి రాజుకు పిచ్చి పట్టిందని తేల్చేదెవరు? 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషన్‌లో కలెక్టర్ ఆష్‌ను కాల్చి, తననూ కాల్చుకున్న విప్లవకారుడు వాంచినాథన్ జేబులో దొరికిన ఉత్తరం అయిదో జార్జి పట్టాభిషేకాన్ని తలుచుకుంది. అతని త్యాగాన్ని తక్కువ చేయను. అయితే భీష్ముడు చెప్పింది ప్రజలంతా ఒక్కటవడం. రహస్య బృందం ఎంత సాహసం చేసినా ప్రజలు కాలేదు.

అందుకే మళ్లీ భారతి దగ్గరికే వస్తున్నాను. దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టు పట్టుకుని వీధి వెంట ఈడ్చుకుపోతుంటే చూస్తూ ఏడ్చిన ఊరిజనాన్ని ఆయన తన కావ్యంలోకి తెచ్చి నిందించాడు. పురాణ కాలక్షేపాల్లో మనం విన్న కథలో ఆ జనం ఊసే రాదు. పరాయి జెండా నీడలో తలదాచుకున్న కవికి సామాన్యుల పిరికితనాన్ని తిట్టే అర్హత ఏదని అడగొచ్చు. కానీ ఆ నీడలో ఆయనకు దక్కింది పేదరికం, వెంటాడే గూఢచారులు. బ్రిటిష్ గడ్డ మీద అడుగుపెట్టగానే 1918లో అరెస్టయ్యాడు కూడా. ఆయన అడిగింది జనాన్ని ఖడ్గం పట్టమని కాదని నేననుకుంటాను. వీధికి అడ్డంగా నిలబడితే దుశ్శాసనుడు వాళ్లను తొక్కుకుంటూ పోయేవాడేమో. అప్పుడు ఆ గొడవ సభ దాకా వినిపించేది. ధర్మం సూక్ష్మమనడానికి భీష్ముడికి అంత తీరిక దొరికేది కాదు.