వ్యసనమా? విపత్తా?

వ్యసన మను పదమునకు అమరకోశమున విపత్తనియు, కామక్రోధములవలన బుట్టిన దోషమనియు అర్థములు గలవు. లోకవ్యవహారమున మనము రెండవ యర్థమునే గైకొని మొదటిదానిని మఱచితిమి. త్రాగువాడు తన కోరికచేతనే చెడెననియు, వానియెడ జాలి యనవసరమనియు దలచుట విద్యావంతుల యిండ్లలో సైతము పరిపాటి. ఈ తలంపు న్యాయమా యని మా ప్రాంతపు కల్లును బట్టి విచారింతము.

మా పాపన్నపేట మండలమున మంజీర యేడు పాయలై పాఱుచోట వనదుర్గాదేవి వెలసియున్నది. శివరాత్రి జాతరకు వచ్చువారికిని, ప్రొద్దంతయు కష్టించి యిల్లు చేరు కూలివారికిని కల్లు క్రొత్త గాదు. ఉదయమున చెట్టునుండి దింపినపుడు అది తీయగా నుండి కొన్ని గడియలలో పులియును. దానిలోని మత్తు స్వల్పము. త్రాగువారు పెరిగి, తాటిచెట్లు, ఈతచెట్లు తఱిగినచోట లాభాపేక్షగల వర్తకులు నీటిలో తీపిని, క్లోరల్ హైడ్రేటును, డయాజిపామును, అల్ప్రాజోలామును కలిపి కల్లని యమ్మసాగిరి. అల్ప్రాజోలాము ఆందోళన గల రోగులకు వైద్యులు కొలిచి యిచ్చు మందు. అది నిత్యము లోనికి బోయినచో మెదడు దానికి అలవాటుపడి, అది లేనిదే నెమ్మదింపజాలదు. హఠాత్తుగా మానినచో నిద్ర పట్టదు, చేతులు వణకును, మతి చలించును, మూర్ఛలు వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

మా బడిలోని యొక బాలుడు వారము దినములు రాకపోగా మేము వాని యింటికి బోయితిమి. తండ్రికి రెండు దినములుగా కల్లు దొరకలేదట. అతడు గోడతో మాటలాడుచుండెను. నీళ్ల చెంబు సైతము పట్టుకొనలేకుండెను. తాగుబోతుకు తగిన శాస్తి జరిగినదని పొరుగువా రనుచుండిరి. మేమును మనసులో నట్లే యనుకొంటిమని యొప్పుకొనవలెను. వైద్యునికి జూపి కొంత తేఱిన పిమ్మట అతడు మాతో ననినది యొకటే మాట: “సారూ, నేను కల్లు తప్ప వేరేది ముట్టలే.” అతడు అబద్ధమాడలేదు. అతడు కోరినది కల్లు. అతనిని కట్టివేసినది మందు. కోరనిదానికి బానిసయైనవాని దోషమును కామజమని యెట్లనగలము?

ఇట్టి మోసము పల్లెకే పరిమితము గాదు. అమెరికాలో పర్డ్యూ అను మందుల సంస్థ 1996లో ఆక్సికాంటిన్ అను నల్లమందుజాతి నొప్పిమాత్రను, అలవాటుపడు భయము తక్కువయని చెప్పి విరివిగా నమ్మెను. వైద్యుని చీటీతోనే జనులు దానికి లోబడిరి. ఆ ప్రచారము తప్పుదారి పట్టించినదని 2007లో దాని యనుబంధ సంస్థ న్యాయస్థానమున నేరము నొప్పుకొనెను. మాత్రలు దొరకనపుడు అనేకులు హెరాయినుకును, పిమ్మట ఫెంటనిల్‌కును పోయిరి. 2022లో ఒక్క యేడాదియందే మత్తుమందులు మితిమీఱి యాదేశమున లక్షకు పైగా మరణించిరి. ఆ మాత్రయు, మా కల్లులోని మందును ఒకజాతివి గావు. మనుష్యుని చేరిన త్రోవ మాత్ర మొకటే. అది నమ్మకము.

మఱి సరకు నాపిన చాలునా? 2015 సెప్టెంబరులో తెలంగాణమున కల్తీకల్లుపై దాడులు జరుగగా నిజామాబాదు, మహబూబునగరము మున్నగు జిల్లాలలో పెక్కుమంది వింతచేష్టలతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. దాడి న్యాయమే, చికిత్స సిద్ధపఱుపక చేయుట లోపము. ఉపేక్షించిన నేమగునో 2025 జూలైలో కూకటిపల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించుట తెలుపుచున్నది.

అట్లయిన త్రాగువానికి బాధ్యతయే లేదా యని యడుగుదురు. కలదు. తెలియక చిక్కినవాడు తెలిసిన పిమ్మట వైద్యుని జేరవలెను. కాని వణకు కాళ్లతో నొంటరిగా పొమ్మనుట ధర్మము గాదు. ఇంటివారు అతనిని గదిలో బంధించి మాన్పింపజూడరాదు. మందును క్రమముగా తగ్గించుట వైద్యుడెఱిగిన పని. ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల మొదలగుచోట్ల నిట్టివారికి చికిత్స కలదు. కల్తీచేయువానికి శిక్షయు, చిక్కినవానికి చికిత్సయు నొక్కమాఱే నడచిననే సంస్కరణము.

ఆ బాలుడు మరల బడికి వచ్చుచున్నాడు. తోడిపిల్లలు వానిని తాగుబోతు కొడుకని పిలువకుండ జూచుట మా పని. మీ వీథిలోని యట్టి బాలుని విషయమున అది మీ పని.