జవాబు అందించకు

ఖమ్మం,
2020 నవంబర్ 22

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఆన్‌లైన్ క్లాసులో తొమ్మిదీ నాలుగూ కలిపితే ఎంతని మిస్ అడిగితే చిన్నోడు బిక్కమొహం వేశాడని, నువ్వు ఫోను స్టాండు వెనక నుంచి "పదమూడు, పదమూడు" అని అందించావని, అది కాస్తా క్లాసందరికీ వినపడి మిస్ "మమ్మీస్, ప్లీజ్" అన్నదని, క్లాసు కాగానే వాడి వీపు మీద ఒకటి వేశావని చెప్పావు. ఆ తర్వాత వంటింట్లో కూర్చుని నువ్వూ ఏడ్చావు. ఇదంతా మీ అమ్మకి చెప్పకుండా నాకు చెప్పావంటే, రిటైరైన పంతులమ్మ ఏమంటుందో వినాలనే కదా. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు దెబ్బ సంగతి తేల్చేద్దాం. ఆరేళ్లవాణ్ణి తొమ్మిదింటి నుంచి పన్నెండున్నర దాకా ఫోను ముందు కూర్చోబెట్టి, జవాబు రాలేదని కొట్టడం అన్యాయం. పెద్దమ్మ గారాబం చేస్తోందనుకోకు. కేంద్ర విద్యాశాఖ మొన్న జూలైలో 'ప్రజ్ఞాత' పేరుతో ఆన్‌లైన్ క్లాసులకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటో తరగతికి రాని పసివాళ్లకైతే రోజుకి అరగంట మించకూడదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకి రెండు క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. మీ బడి నాలుగు పెడుతోంది. ఫీజు అడగాలంటే గంటలు చూపించాలి మరి. వాళ్ల అవసరం వాళ్లది, దానికి చిన్నోడి వీపు ఎందుకు బలి కావాలి? రెండో క్లాసు అవగానే వాణ్ణి లేపేయ్. మిస్‌కి ముందే మర్యాదగా ఒక మాట చెప్పు. హాజరు పోతే పోనీ.

ఒకటో తరగతి పిల్లలు ముప్పావుగంట కదలకుండా కూర్చోవడం నేను ఏ బడిలోనూ చూడలేదు. బోర్డు దగ్గరికి పరిగెత్తుకు రావడం, పక్కవాడి బలపం లాక్కోవడం, నీళ్లకని వెళ్లి వేపచెట్టు కింద ఆగిపోవడం, మళ్లీ వచ్చి పాఠం ఎక్కడుందో వెతుక్కోవడం. చదువు ఈ సందడిలోనే అబ్బేది. ఎవడు పెన్సిలు పిడికిలితో పట్టుకున్నాడో చూసి వెళ్లి వేళ్లు సర్దేదాన్ని. పాపం, మీ మిస్‌కి ఫోన్లో కనపడేవి నలభై తలకాయలు, వాటిలో సగం సీలింగు ఫ్యాన్లు.

అసలు నీకు చెప్పాలనుకున్నది అందించడం గురించి. నువ్వు నోరు మూసుకుని ఉంటే చిన్నోడు బహుశా పన్నెండు అనేవాడు. ఎందుకో తెలుసా? నాలుగు వేళ్లు చాచి, తొమ్మిది నుంచే లెక్క మొదలుపెడతాడు: తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. వేళ్లు అయిపోయాయి, జవాబు వచ్చేసింది. ఈ వయసులో కూడిక తప్పే పిల్లలు చాలామంది తప్పేది ఇక్కడే. పది నుంచి మొదలుపెట్టమని ఒక్కసారి చూపిస్తే చాలు. తొమ్మిది చిక్కుడు గింజలు ఒక కుప్ప, నాలుగు ఒక కుప్ప పెట్టి, చిన్నకుప్పలోంచి ఒకటి తీసి పెద్దదాంట్లో వెయ్యమను. ఇక్కడ పది, అక్కడ మూడు. వాడే చెబుతాడు. పంతులమ్మకి పిల్లవాడి బుర్రలోకి దారి చూపించేది తప్పు జవాబే. నువ్వు పదమూడు అని అందించేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఎవరికీ వినపడకుండా అందిస్తే, వాడికి వచ్చేసిందనుకుని మిస్ తర్వాతి లెక్కకి వెళ్లిపోతుంది. వాడికి మాత్రం ఒక సంగతి బాగా అర్థమవుతుంది: తెలియకపోవడం దాచుకోవాల్సిన నేరమని, దాచిపెట్టడానికి అమ్మ ఉందని.

అమ్మలు క్లాసు గ్రూపులో పెడుతున్న నోటుపుస్తకాల ఫోటోలు నువ్వే పంపావుగా. ఆ గుండ్రటి అక్షరాలు ఆరేళ్ల చేతివి కావని చెప్పడానికి ముప్పయ్యేళ్ల సర్వీసు అక్కర్లేదు. ఒకమ్మ దిద్దింది చూసి ఇంకో అమ్మ ఇంకాస్త దిద్దుతోంది. పిల్లల పేరు మీద తల్లులే ఒకటో తరగతి మళ్లీ చదువుతున్నారు, అదీ పోటీపడి. నువ్వు ఆ పందెంలోంచి తప్పుకో. వాడి వంకర అక్షరాలు వంకరగానే ఫోటో తీసి పెట్టు. ఎవరో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు.

మిస్ మీద కోపం పెంచుకోకు. పాఠం చెబుతుంటే ఆవిడ వెనక ఓ పసిపిల్ల ఏడుపు వినిపించిందని నువ్వే అన్నావు. ఈ ఏడు ప్రైవేటు టీచర్లకి చాలాచోట్ల సగం జీతం, కొన్నిచోట్ల అదీ లేదు. కూరగాయలమ్ముకుంటున్నవాళ్లున్నారు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లున్నారు.

ఇక అల్లుడుగారు. ఆయన గది తలుపేసుకుని హెడ్‌సెట్ పెట్టుకుంటే ఉద్యోగమట. నువ్వు వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఓ చెవి మీటింగుకీ ఓ చెవి కుక్కర్ విజిలుకీ ఇచ్చి, మధ్యలో పిల్లవాడి మ్యూట్ తీసి పెడుతుంటే, "ఎలాగూ అక్కడే ఉన్నావుగా" అట! రోజూ రెండు క్లాసుల్లో ఒకటి ఆయన చూసుకోవాలి. అడిగి చూడమనడం లేదు, చెప్పమంటున్నాను. కావాలంటే ఈ ముక్క చదివి వినిపించు, నింద నా మీద వేసెయ్.

నువ్వు అడగని మాట ఒకటుంది. మీ ఇంట్లో పనికొచ్చే యాదమ్మ కూతురు సర్కారు బడిలో నాలుగో తరగతి అన్నావు. సెప్టెంబరు 1 నుంచి టీవీలో యాదగిరి ఛానల్లో, టీ-శాట్‌లో సర్కారు బడి పాఠాలు వస్తున్నాయి, అవీ మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఆ ఇంట్లో టీవీ పాడైందట, ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రితో పాటు పనికి వెళ్లిపోతుంది. పోయిన నెల వచ్చిన 'అసర్' చదువుల సర్వే నివేదిక, దేశంలోని పల్లెల్లో బడిపిల్లల్లో నూటికి 62 మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని చెప్పింది. 2018లో 36 చిల్లర ఉండేదట. అది చూసి సంబరపడ్డవాళ్లున్నారు. ఇంట్లో ఫోనుంటే అది పిల్ల చేతికి వచ్చినట్టేనా? పాఠం వచ్చే వేళకి ఆ పిల్లని మీ హాల్లో టీవీ ముందు కూర్చోనివ్వు. కిటికీలు తెరిచిపెట్టు, మాస్కులు పెట్టుకోమను, దూరంగా కూర్చోబెట్టు. నీకు భయం ఉండదనడం లేదు, అరవై దాటినదాన్ని, నాకూ ఉంది. కానీ పని చేయించుకోవడానికి తల్లిని ఇంట్లోకి రానిస్తూనే ఉన్నాం కదా! కూతురు పాఠం వినడానికి వచ్చేసరికి మాత్రం కరోనా గుర్తుకు రావడం బాగుండదు. పైగా చిన్నోడు మార్చి నుంచి ఇంకో పిల్ల రాసుకుంటుండగా చూసి ఎరగడు.

రేపటి నుంచి మధ్యాహ్నం మూడున్నరకి నాకు వీడియో కాల్ కలిపి ఫోను వాడికివ్వు. గుణింతాలు నేను చెబుతాను, పావుగంట, అంతే. అదీ ఫోనే కదా అంటావేమో. నిజమే, బస్సెక్కి వచ్చే రోజులు కావుగా. పలకా బలపం దగ్గర పెట్టు. నువ్వు మాత్రం ఆ గదిలో ఉండకు.

ఇట్లు,
పెద్దమ్మ