ఉప్పు తగ్గించిన కూర ఎవరు వండాలి?

గుండెపోటంటే మగవాళ్ళ జబ్బని మనలో చాలామందికి ఇప్పటికీ నమ్మకం. సినిమాల్లో ఛాతీ పట్టుకుని కూలబడేది ఎక్కువగా తండ్రే. ప్రపంచం మొత్తంమీద స్త్రీల మరణాలకు మొదటి కారణం మాత్రం గుండె, రక్తనాళాల జబ్బులే.

ఈ నమ్మకానికి పరిశోధన కూడా సాయం చేసింది. ఆస్పిరిన్ గుండెపోటును తగ్గిస్తుందని 1989లో తేల్చిన అమెరికన్ అధ్యయనంలో 22,071 మంది డాక్టర్లున్నారు. అందరూ పురుషులే. దాదాపు 40 వేలమంది ఆరోగ్యవంతులైన స్త్రీల మీద చేసిన అధ్యయన ఫలితాలు 2005కి గాని రాలేదు. మొత్తంగా చూస్తే వాళ్ళలో ఆస్పిరిన్ పక్షవాతాన్ని కొంత తగ్గించింది, గుండెపోటును తగ్గించలేదు. ఈలోగా 1991లోనే బెర్నడీన్ హీలీ అనే హృద్రోగ నిపుణురాలు 'యెంటిల్ సిండ్రోమ్' అన్న మాట వాడింది. సింగర్ కథలో యెంటిల్ చదువుకోసం మగవేషం వేస్తుంది. తన జబ్బు మగవాడి జబ్బులాగే ఉందని రుజువైతే తప్ప స్త్రీకి సమానమైన వైద్యం దొరకదని హీలీ ఉద్దేశం.

స్త్రీలకూ ఛాతీనొప్పే ముఖ్య లక్షణం. దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడలోనో వీపులోనో నొప్పి, వికారం, ఎన్నడూ లేని నిస్సత్తువ ఉండొచ్చు. వీటికి మన ఇళ్ళలో పేర్లు సిద్ధంగా ఉంటాయి: గ్యాసు, నీరసం, టెన్షన్. 108కి ఫోన్ చేయాల్సిన వేళ సోడా తాగించి పడుకోబెడతారు. యాంజియోగ్రాంలో పెద్ద రక్తనాళాలు బాగుంటే ఆస్పత్రిలోనూ టెన్షనే అంటారు. సన్నటి రక్తనాళాల జబ్బు ఆ పరీక్షలో కనబడదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది జాగ్రత్తల జాబితా. ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, వేళకు నిద్రపోండి, మాత్రలు మానకండి. ఒక్కటీ కాదనలేం. కానీ ఆయన స్టెంటు వేయించుకుని ఇంటికొస్తే ఆ కాగితం భార్య చేతికొస్తుంది. చప్పిడి కూర, మాత్రల డబ్బా, సాయంత్రం నడక గుర్తుచేయడం అన్నీ ఆవిడవే. రోగి ఆవిడే అయితే? ఇంటిల్లిపాదికీ వండే మనిషి తనొక్కదానికోసం పొయ్యిమీద ఇంకో గిన్నె పెట్టదు. తెల్లవారుజామున నడకకి వెళ్తే కాఫీలూ క్యారేజీలూ ఎవరు చూస్తారు? రెండోసారి నొప్పి వస్తే డాక్టరూ కొడుకూ ఒకే మాట అంటారు: "ఆవిడ తన గురించి పట్టించుకోదండీ." నిన్నటిదాకా దాన్నే త్యాగమని మెచ్చుకున్నారు.

తన ఒంటిని చూసుకోవడం నైతిక బాధ్యతంటే నాకు అభ్యంతరం లేదు. బాధ్యత పెట్టేటప్పుడు సమయం, డబ్బు, ఇంట్లో మాట చెల్లుబాటు కూడా ఇవ్వాలి కదా. కట్టెలపొయ్యి పొగ గుండెకు చేటు. గ్యాసు బండ కొనాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో ఆవిడ నిర్ణయం కాదు. అది ఆవిడ వ్యక్తిగత ప్రమాదం ఎలా అవుతుంది?

ఇంట్లో ఈ పంపకాలు తేలేలోగా చేయగలిగిన పని ఒకటుంది. తండ్రికీ అన్నదమ్ములకూ గుండెపోటు వచ్చిందా అని డాక్టర్లు అడుగుతారు. కాన్పుల గురించి అడగడం తక్కువ. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్ళినవాళ్ళకూ, అప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత తగ్గినవాళ్ళకూ, నలభైలోపే ముట్లుడిగినవాళ్ళకూ తర్వాతి కాలంలో గుండెజబ్బు ప్రమాదం ఎక్కువ. పాతికేళ్ళ కిందటి కాన్పు కాగితాలు ఎవరింట్లోనూ ఉండవు. అడగకపోయినా ఆ సంగతి ఆవిడే చెప్పాలి, పక్కనున్న కొడుకు ఆవిడ బదులు జవాబు చెప్పేలోగా.