దారిలో తెలిసిన పేర్లు

ధ్యానభాగం: రోమీయులకు 16:1–16, 21–23

రోమీయులకు రాసిన పత్రికలో 8వ అధ్యాయం మీద, 12వ అధ్యాయం మీద ప్రసంగాలు తరచూ వింటాం. 16వ అధ్యాయం మీద విన్నది బహు తక్కువ. ఉన్నవన్నీ పేర్లే కదా అని గబగబా చదివి బైబిలు మూసేస్తాం. పని మీద ఊళ్లు తిరిగే నాకు మాత్రం ఆ పత్రిక మొత్తంలో ఎక్కువ ధైర్యం ఇచ్చే అధ్యాయం అదే.

పౌలు ఈ పత్రికను క్రీ.శ. 57 ప్రాంతంలో, కొరింథులో ఉండగా రాశాడు. అప్పటికి ఆయన రోమాలో అడుగు పెట్టలేదు. రావాలని ఎన్నోసార్లు అనుకున్నా ఆటంకాలు వచ్చాయని తానే చెప్పాడు. చూడని ఊళ్లో 20 మందికి పైగా మనుషుల్ని పేరు పెట్టి ఎలా పలకరించాడు? వారిలో కొందరు దారిలో పరిచయమైనవాళ్లు. అకుల, ప్రిస్కిల్ల సంగతే చూడండి. అకుల పుట్టింది నల్లసముద్రం ఒడ్డునున్న పొంతులో. ఉన్నది ఇటలీలో. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచిపొమ్మంటే ఆ దంపతులు కొరింథు చేరారు. వాళ్లు డేరాలు కుట్టేవాళ్లు, పౌలూ డేరాలు కుట్టేవాడే. అలా ఒకే ఇంట్లో ఉండి కలిసి పనిచేశారు. అక్కణ్ణుంచి ఎఫెసుకు వెళ్లారు, ఈ పత్రిక రాసేనాటికి మళ్లీ రోమాలో ఉన్నారు. ఫిలిప్పీలో పౌలును తన ఇంట్లో ఉండమని బలవంతం చేసిన లూదియ కూడా పరాయి ఊరి మనిషే. తుయతైర నుంచి వచ్చి ఊదారంగు సరుకు అమ్ముకునేది. మొదటి సంఘాల్లో కొన్ని ఇలా బతుకుతెరువు కోసం తిరిగే మనుషుల ఇళ్లలోనే కూడుకున్నాయి.

నా పని ఎలక్ట్రానిక్ కాటాలు సర్వీసు చేయడం. మిర్యాలగూడ రైస్ మిల్లులు, గుంటూరు మిర్చి యార్డు, తాడేపల్లిగూడెం: ఎక్కువగా ఈ దారుల్లోనే ఉంటాను. పని మీద వెళ్లినవాడికి ఊరు చూసే తీరిక ఉండదు. అయినా మనుషులు ఎదురుపడుతూనే ఉంటారు.

సికింద్రాబాద్ నుంచి భువనేశ్వర్ వైపు వెళ్లే రాత్రి రైల్లో ఒక ఏసీ బోగీ అటెండెంట్ కలిశాడు. తెల్లవారకముందే తాడేపల్లిగూడెంలో దిగాలని చెబితే, "మీరు పడుకోండి బాబూ, నేను లేపుతాను" అన్నాడు. అన్నట్టే లేపాడు. దిగబోతూ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఏ ఊరని అడిగాను. ఆమదాలవలస పక్కన పల్లె. ఈ రైలు వాళ్ల ఊరి మీదుగానే పోతుంది గానీ అతను దిగడానికి లేదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఆగే రెండు నిమిషాల్లోనే భార్య పిల్లను ఎత్తుకొచ్చి చూపించి వెళ్తుందట. అందర్నీ వాళ్ల వాళ్ల ఊళ్లలో దించే మనిషి అతను. ఆ మాట విన్న రోజు నుంచి అతని పేరు, ఆ పిల్ల పేరు నా బిల్లు పుస్తకం వెనక పేజీలో ఉన్నాయి.

గుంటూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజను. లారీల్లోంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే ఆ ఘాటుకు యార్డు గేటు దగ్గరే దగ్గు మొదలవుతుంది. హమాలీలకూ తొడిమలు తీసే ఆడవాళ్లకూ రోజంతా పీల్చే గాలి అదే. ఒక గోడౌనులో నేను కాటా విప్పి కూర్చుంటే, పక్కన కాయల కుప్ప ముందున్న పెద్దావిడ తలెత్తకుండానే అంది: "సరిగ్గా చూడయ్యా. మా కూలి కూడా దాని మీదే తూస్తారు." పని పూర్తయ్యాక 20 కిలోల తూకం రాయి కాటా మీద పెట్టి, ఆమెను పిలిచి అంకె చూపించాను. తల ఊపింది. ఇంటికి వెళ్లాక చేతుల మంట తగ్గేదాకా మనవణ్ణి ఎత్తుకోనని ఆమే చెప్పింది. పేరు అడిగితే మాత్రం, "పేరుతో పనేముందిలే" అని మళ్లీ కుప్ప ముందు కూర్చుంది. సామెతల గ్రంథం త్రాసుల గురించి అన్నిసార్లు ఎందుకు మాట్లాడిందో ఆ గోడౌనులో తెలిసినంతగా నాకు ఏ కూటంలోనూ తెలియలేదు. తూకంలో తేడా వస్తే నష్టపోయేది ఎవరో కళ్లెదుట కనబడింది.

ఆమె తన పేరు చెప్పకపోవడం సబబే. దారిన పోయేవాడికి పేరు చెప్పాలన్న నియమం ఏ ఆడమనిషికీ లేదు. ఈ 16వ అధ్యాయంలోనూ పేరు లేకుండా వందనాలు అందుకున్న ఇద్దరు స్త్రీలు ఉన్నారు: నేరియ సహోదరి, రూఫు తల్లి. రూఫు తల్లి తనకూ తల్లేనని పౌలు రాశాడు. ఎప్పుడు, ఏ ఊళ్లో ఆమె అతనికి అన్నం పెట్టిందో, ఏ జబ్బులో దగ్గరుండి చూసుకుందో లేఖనం చెప్పదు. ఆ తల్లి చేసిన మేలు మాత్రం పౌలు మరిచిపోలేదు. అందుకే నా పేజీలో గుంటూరు అని రాసి, పక్కన అమ్మ అని రాసుకున్నాను.

మిర్యాలగూడలో ఒక లాడ్జి కుర్రాడు నా సంచిలో బైబిలు చూసి, తన చెల్లెలి ఆపరేషన్ కోసం ప్రార్థన చేయమన్నాడు. అతని మతమేమిటో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కౌంటర్ దగ్గరే నిలబడి ప్రార్థన చేశాం.

ఉదయం బస్సు ఎక్కేముందు ఆ పేజీలోని పేర్లు ఒక్కొక్కటీ దేవుని ముందు చదువుతాను. ప్రయాణంలో దీర్ఘ ప్రార్థనకు వీలు దొరకదు. పేరు పలికి, ఆ మనిషికి ఏం కావాలో ఒక్క మాటలో అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

పని మీద బయలుదేరుతున్న సోదరులారా, సోదరీమణులారా! ఈ రోజు 16వ అధ్యాయాన్ని ఒక్క పేరూ వదలకుండా పైకి చదవండి. తర్వాత మీ దారిలో మీకు మేలు చేసిన ముగ్గురిని తలచుకుని, వారి అవసరం కోసం అడగండి.

ప్రార్థన: తండ్రీ, ఈ రాత్రి రైళ్లలో మేలుకుని ఉండేవారిని, ఘాటు పీలుస్తూ పనిచేసే తల్లులను, లాడ్జి కౌంటర్ల దగ్గర కూర్చున్న పిల్లలను కాపాడండి. వారి కూలి పూర్తిగా వారి చేతికి అందనివ్వండి. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.