విద్యార్థికి రాజకీయము తగునా?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 5:34–39, 7:58, 22:3, 20



మన పల్లె సంఘములలో ఈ మధ్య క్రొత్త చింత ఒకటి వినబడుచున్నది. పూర్వము మన బిడ్డలు పదవ తరగతి దాటుటయే గొప్ప. ఇప్పుడు ఇంజనీరింగు, నర్సింగు చదువులకే గాక న్యాయశాస్త్రము చదువుటకును పట్టణమునకు పోవుచున్నారు. హైదరాబాదులో కూకట్‌పల్లి ప్రక్కనున్న ప్రగతి నగర్ వంటి చోట్ల నలుగురైదుగురు కలిసి ఒక గది తీసికొందురు. ఒకడు హైటెక్ సిటీకి కంప్యూటరు పనికి పోవును, ఒకడు ఉద్యోగ పరీక్షలకు చదువును, మరియొకడు లా కాలేజీకి పోవును. ఊరివాడు, పరాయివాడు, మన మతస్థుడు, అన్య మతస్థుడు అందరును ఒక కుక్కరులోని అన్నము తిందురు.

అటువంటి బిడ్డ తండ్రి వచ్చి, "అయ్యగారూ, మావాడు మీటింగులకూ ఊరేగింపులకూ తిరుగుతున్నాడంట. కూలి చేసి పంపే డబ్బు. మీరైనా బుద్ధి చెప్పండి" అనును. కొడుకు వచ్చి, "అయ్యగారూ, పొద్దున న్యాయం చదువుకొని సాయంత్రం అన్యాయం చూసి ఊరుకోమంటారా?" అనును. ఇద్దరి మాటయు కొట్టివేయదగినది కాదు. తండ్రిది పిరికితనమని కుమారుడు అనుకొనరాదు. 1969లోను, 2009 తరువాతి తెలంగాణ ఉద్యమములోను ఎన్ని యిండ్ల బిడ్డలు తిరిగి రాలేదో ఆ తండ్రి చూచినవాడే. కుమారునిది వట్టి ఆవేశమని తండ్రియు అనుకొనరాదు. కాబట్టి విద్యార్థికి రాజకీయము తగునా అను ప్రశ్నను నెమ్మదిగా విచారింతము.

వాక్యములో న్యాయశాస్త్ర విద్యార్థి ఒకడు కలడు. తార్సులో పుట్టి, యెరూషలేములో పెరిగి, గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము నేర్చిన సౌలు. గురువు మంచివాడు. అపొస్తలులను చంపవలెనని మహాసభ ఉద్రేకపడినప్పుడు, తొందరపడవద్దని లేచి చెప్పినవాడు ఆ గమలీయేలే. అయితే శిష్యుడు గురువు శాంతమును నేర్చుకొనలేదు. స్తెఫనును కొట్టుటకు పోయిన గుంపుతో పోయెను. సౌలు రాయి విసరెనని వాక్యము చెప్పదు. విసరినవారు తమ పైవస్త్రములు అతని పాదములయొద్ద పెట్టిరి. అతడు కావలి కాచెను. తరువాత అధికారుల పత్రికలు చేతబట్టుకొని దమస్కునకు ప్రయాణమాయెను. సహవాసము, ప్రయాణము, రాజకీయము – మూడును ఆ విద్యార్థి జీవితములో ఉండెను. మూడింటి వెలయు ఇతరులే చెల్లించిరి.

ఇప్పుడు మన తెలుగువారిలో ఒకనిని చూతము. వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురములో జన్మించెను. ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండెను. ఇప్పుడు ఒడిశాలో ఉన్నది. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు. 1913లో, ఇంకను ఇరువది యేండ్లు నిండకమునుపే, గిరి సముద్రము దాటి ఐర్లండు దేశమునకు పోయెను. అక్కడి ముఖ్యపట్టణమైన డబ్లినులో, కింగ్స్ ఇన్స్ అను న్యాయవిద్యా సంస్థలోను, యూనివర్సిటీ కాలేజీలోను చదివెను. ఐర్లండును అప్పుడు మనవలెనే ఇంగ్లాండు పాలన క్రింద ఉండెను.

ఆ పట్టణములో ఆయనకు దొరికిన సహవాసమును చూడుడి. 1913వ సంవత్సరములోనే డబ్లినులో యజమానులు సుమారు 20,000 మంది కార్మికులను, సంఘములో చేరిరను కారణముచేత పనినుండి వెలివేసిరి. ఆ పేదల పక్షమున నిలిచిన నాయకులలో జేమ్స్ కొనొలీ ఒకడు. కాలేజీలో ఇంగ్లీషు బోధించినవాడు థామస్ మెక్‌డొనా అను కవి. అర్థశాస్త్రము బోధించినవాడు థామస్ ఫిన్లే అను కథోలిక గురువు. ఐరిష్ రైతులలో సహకార సంఘములు వ్యాపింపజేయుటకు పాటుపడినవాడు. ఇట్టివారి నడుమ ఆ తెలుగు బిడ్డ చట్టము నేర్చుకొనెను.

1914లో యుద్ధము వచ్చెను. గాంధీగారు అప్పుడు లండనులో ఉండిరి. గిరి అక్కడికి పోయి ఆయనను కలిసెను. గాయపడినవారికి సేవచేయు దళములో చేరుమని గాంధీగారు కోరగా మొదట ఒప్పుకొని, సామ్రాజ్యపు యుద్ధములో పాలుపంచుకొనుట సరికాదని తరువాత విచారపడెను. ఎంత పెద్దవారి మాటయైనను మనస్సాక్షి ఎదుట మరల తూచుకొనవలెనని దీనివలన తెలియును.

ఆయనయు తోటి భారతీయ విద్యార్థులును దక్షిణాఫ్రికాలో మనవారు పడుచున్న హింసలనుగూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసి అచ్చువేయించిరి. దక్షిణాఫ్రికా చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో అనేకులు మన తెలుగు, తమిళ పల్లెలవారు. కాలేజీలో చదువుకొను వకీలు కుమారునికి ఆ కూలీలతో ఏమి పని? వారివలన ఓటు రాదు, ఫీజు రాదు. ఆ పుస్తకము ప్రభుత్వ గూఢచారుల చేతిలో పడెను. నాటినుండి ఆ విద్యార్థులమీద పోలీసు నిఘా హెచ్చెను.

1916 ఏప్రిలు 24, ఈస్టరు పండుగ మరునాడైన సోమవారము, డబ్లినులో తిరుగుబాటు లేచెను. వారము దినములలో అది అణచబడెను. మే 3న గిరి గురువైన మెక్‌డొనాను కాల్చి చంపిరి. మే 12న గాయపడియున్న కొనొలీని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరి. భారతీయ విద్యార్థుల గదులను పోలీసులు సోదాచేసిరి. తిరుగుబాటు నాయకులతో గిరికి సంబంధము కలదని అనుమానించిరి. ఆయన జూన్ 21న బారిస్టరుగా అంగీకరింపబడెను. జూలై 1న, నెలలోపల దేశము విడిచి పొమ్మని నోటీసు అందెను. బి.ఏ. చదువు పూర్తికాలేదు. ఒక పట్టా చేతికివచ్చెను, మరియొకటి పోయెను.

ఈ ఇద్దరు విద్యార్థులను ప్రక్కప్రక్కన నిలువబెట్టిన యెడల మన ప్రశ్నకు జవాబు కనబడుచున్నది. ఇద్దరును చట్టము చదివిరి. ఇద్దరును స్నేహితులతో తిరిగిరి, ప్రయాణములు చేసిరి, రాజకీయములో కాలుపెట్టిరి. భేదము ఎక్కడున్నది? సౌలు బలవంతుల పక్షమున నిలిచెను, దెబ్బ స్తెఫనుకు తగిలెను. గిరి మూగవారైన కూలీల పక్షమున వ్రాసెను, దెబ్బ తనకు తగిలెను. కాబట్టి విద్యార్థికి రాజకీయము తగునా అని అడుగుటకంటె, "ఎవరి పక్షమున పోవుచున్నావు? దాని వెల ఎవరు చెల్లింతురు?" అని అడుగుట మేలు.

మొదటి ప్రశ్న సులభము. నోరులేనివారికొరకు నోరు తెరువుమని సామెతలు 31వ అధ్యాయములో రాజునకు తల్లి బోధించెను. మీటింగునకు పోవు యౌవనుడు అక్కడ ఎవరి కష్టము మాటలాడబడుచున్నదో చూచుకొనవలెను. బస్సు కిరాయి, బిరియాని పొట్లము, చేతికి నోటు ఇచ్చి జెండా పట్టించువాడు మన బిడ్డను వస్త్రములు కాచు కావలివానిగా పెట్టుకొనుచున్నాడు. నేడు రాయి విసరనక్కరలేదు, వస్త్రము కాయనక్కరలేదు. ఒక కులమునో, మతమునో, స్త్రీనో అవమానపరచు మాట ఫోనులో వచ్చినప్పుడు దానిని మరి పదిమందికి పంపిన చాలును. "నేను వ్రాయలేదుగదా" అనుట, "నేను విసరలేదుగదా" అనుటవంటిదే. పౌలు పెద్దవాడై వెనుకకు తిరిగి చూచినప్పుడు అట్లు తప్పించుకొనలేదు. ఆ చావునకు తాను సమ్మతించితినని తన నోటనే ఒప్పుకొనెను.

రెండవ ప్రశ్న కష్టమైనది. డబ్లిను తిరుగుబాటులో చనిపోయినవారు సుమారు 485 మంది. వారిలో సగముకంటె ఎక్కువమంది ఆయుధము పట్టని సామాన్యులు. రొట్టె కొనుటకు పోయినవారు, ఇంటి కిటికీ దగ్గర నిలిచినవారు, చిన్నబిడ్డలు. నాయకులు తమ ప్రాణములు ఇచ్చిరి, నిజమే. అయితే ఈ పేదలను ఎవరు అడిగిరి? న్యాయమైన కారణముకూడ అడుగకుండనే ఇతరుల రక్తమును ఖర్చుచేయగలదు. దీనికి తేలికైన జవాబు లేదు. స్వదేశమునకు వచ్చిన గిరిమాత్రము తుపాకి పట్టలేదు. రైల్వే కార్మికులలో పనిచేసెను. 1928లో బెంగాలు నాగపూరు రైల్వేలో పని తీసివేయబడినవారి కొరకు అహింసతో సమ్మె నడిపించి గెలిచెను. కార్మికుడును యజమానుడును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని తగవు తీర్చుకొనవలెననుట ఆయన మార్గమాయెను. 1954లో కేంద్రములో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందున పదవి విడిచెను. అప్పుడును వెల తానే చెల్లించెను. 1969లో దేశమునకు రాష్ట్రపతి ఆయెను.

అయితే తల్లిదండ్రుల కూలిడబ్బు మాటయేమి? అదియు వెలయే. కొడుకు ఉద్యమములో తిరిగి పరీక్ష తప్పిన యెడల ఆ సంవత్సరపు ఫీజు మిరపతోటలో వంగిన తల్లి నడుము చెల్లించును. దానిని త్యాగమని కుమారుడు తన లెక్కలో వ్రాసికొనరాదు. గిరి అంత కలతలోను బారు చదువు ముగించెను గనుకనే కార్మికులకు పనికివచ్చెను. పౌలును తన విద్యను పారవేయలేదు. ఫిలిప్పీలో విచారణలేక కొట్టినప్పుడును, కైసరయలో కైసరు ఎదుట చెప్పుకొందునన్నప్పుడును చట్టము తెలిసినవానివలెనే మాటలాడెను. చదువు ముగించుట పేదలను విడిచిపెట్టుట కాదు. వారికొరకు పనిముట్టు పదును పెట్టుకొనుట.

లా చదువు బిడ్డలు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నీతిబాహ్యమైన నేరమునకు శిక్షపడినవానిని 1961 నాటి న్యాయవాదుల చట్టము న్యాయవాదిగా చేర్చుకొననియ్యదు. విడుదలయై రెండేండ్లు గడచువరకు ఆ అడ్డు ఉండును. అంటరానితనము పాటించి శిక్షపడినవానికిని అదే అడ్డు. ఈ రెండవ మాట మన పేటలవారు సంతోషముతో వినదగినది. గుంపులో ఒక్క సాయంత్రపు ఆవేశము, చదువంతటికి తలుపు మూయవచ్చును.

మరి ఆ సాయంత్రము ఏమి చేయవచ్చును? 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, పిల్లలకు, కార్మికులకు ఉచితముగా వకీలు సహాయము దొరకును. మన ఊళ్లలో ఎందరికి ఇది తెలియును? కూలి ఎగవేయబడినవాడు, పట్టాదారు పుస్తకములో పేరు తప్పినవాడు, పింఛను ఆగిన విధవ – వీరి దగ్గర కూర్చుండి ఒక అర్జీ వ్రాసిపెట్టుట రాజకీయమే. అందులో మైకు లేదు, దండ లేదు. ప్రగతి నగర్‌లో క్రొత్త మేడలు కట్టుటకు దూరదేశములనుండి వచ్చిన కూలీలును ఉందురు. దక్షిణాఫ్రికా కూలీలు గిరికి ఎంతో, వీరు నీకు అంత. నీవున్న పట్టణపు క్షేమమును వెదకుమని యిర్మీయా బబులోనులో ఉన్నవారికి వ్రాసినది, హాస్టలు గదిలో ఉన్న నీకును చెల్లును.

తల్లిదండ్రులారా, 1989 నుండి మన దేశములో పదునెనిమిదేండ్లు నిండినవానికి ఓటు కలదు. ఓటు ఇచ్చి ఆలోచన వద్దనుట కుదరదు. "పోవద్దు" అని తలుపు వేయుటకంటె, "ఎవరితో పోవుచున్నావు, ఎవరికొరకు పోవుచున్నావు, పరీక్ష ఎప్పుడు?" అని అడుగుడి. అడిగి, జవాబు ఓపికతో వినుడి. బిడ్డ మీకు చెప్పుకొనగలిగినంతకాలము అపాయము సగము తగ్గును.

యౌవనులారా, మీ యొద్దకును ఎవరో ఒకరు వస్త్రములు తెచ్చి పెట్టుదురు. కొంచెముసేపు చూచుకొమ్మని అడుగుదురు. అది చిన్నపనివలె కనబడును, స్నేహమువలెను కనబడును. తీసికొనకముందు తల యెత్తి, రాయి ఎవరిమీదికి పోవుచున్నదో చూడుడి.